గుమ్మడికాయ పట్టడానికి నన్ను పిలిచారు

మా ఆయన పోయాక నన్ను ఏ మంచి పనికీ ఎవరూ పిలవలేదు. పెళ్ళిళ్ళలో వెనక పెరట్లో కూర్చుని ఉల్లిపాయలు తరిగాను. పసిపిల్లలకి పేరు పెడుతుంటే ఆ పేరేమిటో గోడ అవతలి నుంచి విన్నాను. అలవాటైపోయింది. అందుకని మా మరిది పొద్దున్నే వచ్చి అన్న మాట నాకు వెంటనే బుర్రకెక్కలేదు.

"వొదినా, అమ్మోరికి రేపు కళ్ళు తెరిపిస్తన్నాం. గుమ్మడికాయ నువ్వే పట్టాల."

గేదెకి చిట్టు కలుపుతున్నాను. చేతులు బకెట్లోనే ఉండిపోయాయి.

"నాను పట్టడమేటిరా. నా మొహాన బొట్టు నేదు కదా."

"అమ్మకి అందరూ ఒకలే వొదినా. కమిటీ అంతా ఒప్పుకుంది. కాదనకు."

వాడు వెళ్ళిపోయాక కూడా ఆ మాట నోట్లో బెల్లంముక్కలా పెట్టుకుని తిరిగాను. అమ్మకి అందరూ ఒకలే.

నాకు అక్షరాలు రావు, సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. నా గొంతు బొంగురు. ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజు అరిచిన అరుపులకి పోయిన గొంతు మళ్ళీ బాగవలేదు. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు మగమనిషి అనుకుంటారు. ఈ గొంతు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదాంట్లో దీని పాలు ఉంది.

చోడవరం నుంచి గోవాడ వెళ్ళే రోడ్డు దిగి లోపలికి వస్తే మా ఊరు. చెరకు, వరి వేస్తాం. ఊరికి ముందు పొలిమేర దగ్గర అమ్మవారి గుడి. అమ్మవారంటే నవ్వుతూ చెయ్యి చూపించే తల్లి కాదు మాకు. కోరలు, బయటికి చాచిన ఎర్రటి నాలుక, చేతిలో కత్తి. చిన్నపిల్లలు మొదటిసారి చూస్తే ఏడుస్తారు. ఏడిస్తే మంచిదే అంటారు పెద్దలు. రోగం కూడా అలాగే ఏడిచి వెనక్కి పోవాలి కదా, కోపం లేని మనిషి కాపలా ఏం కాస్తుంది అంటారు. అందుకే ఆవిడకి పెట్టేవన్నీ చల్లటివే. చద్దన్నం, పెరుగు, పసుపు నీళ్ళు, వేపరొట్ట. కోపం ఉండాలి, కానీ అది మన మీదకి రాకూడదు. మా భక్తంతా ఆ మధ్యలోనే నడుస్తుంది.

పాత విగ్రహం చెక్కది. అడుగున చెదలు పట్టి ఒక పక్కకి ఒరిగిపోయింది. ఊరివాళ్ళు వేపమాను చెక్కతో కొత్తది చేయించారు. రంగులన్నీ వేసి కళ్ళు మాత్రం తెల్లగా వదిలేస్తారు. నల్లగుడ్లు దిద్దడం ఆఖరి పని. అవి దిద్దగానే అమ్మవారికి చూపు వస్తుంది. ఆ తొలి చూపు పడేచోట ఒక మనిషి బూడిద గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని నిలబడాలి. పాత విగ్రహం నేను కాపురానికి రాకముందుది. అందుకని ఈ తంతు నేను కళ్ళతో చూడలేదు. తొలి చూపంటే తొలి దీవెన అనుకున్నాను. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

నాకు ఆ దీవెన కావాలి. నాకు కాదు, మా అమ్మాయికి. నాకున్నది ఒక్కతే కూతురు. విశాఖపట్నంలో అల్లుడికి కంపెనీలో పని. రెండుసార్లు దాని కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల వచ్చింది. అనకాపల్లిలో డాక్టరమ్మ మంచం దిగొద్దంది. అందుకే నా దగ్గరికి తెచ్చుకున్నాను. అది మంచం మీద పడుకుని ఇంటి దూలాలు లెక్కపెడుతుంటుంది. నేను దాని కడుపు వంక చూడకుండా చూస్తుంటాను, దిష్టి తగులుతుందని.

"నిన్ను పిలిసేరా? ఉన్నట్టుండి నీమీద అంత ప్రేమేటమ్మా మా సిన్నాన్నకి?" అంది అది.

"నోర్ముయ్. పెంచిన సేతులు మర్సిపోతాడేటి."

నిజంగా అలాగే అనుకున్నాను. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి మా మరిది లాగూ వేసుకునే గుంటడు. ఆ వేసవిలో వాడికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. మా అత్తకి అప్పటికే చూపు ఆనేది కాదు. వేపమండలు పట్టుకుని వాడి పక్కన కూర్చున్నది నేనే. గోక్కోకుండా వాడి చేతులు నా చేతుల్లో పెట్టుకుని, "అమ్మ సుట్టంగా వొచ్చింది, ఎల్లిపోద్ది, ఓర్సుకో నాయినా" అని చెప్పింది నేనే. ఇప్పుడు వాడు గుడి కమిటీకి పెద్ద. బుల్లెట్ బండి, చేతికి ఉంగరాలు. వాడికి నా మీద గౌరవం ఉందంటే నాకేమీ వింతగా అనిపించలేదు.

మర్నాడు తలంటు పోసుకుని, మా అమ్మాయి కొన్న ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. బయలుదేరుతుంటే దాని కాళ్ళ దగ్గర కాసేపు నిలబడ్డాను.

"ఏటి కోరుకోవాలో నువ్వు సెప్పు," అన్నాను.

"ఈ మంచం దిగాల. ఇంకేటొద్దు," అంది.

గుడి దగ్గర పందిరి వేశారు. చెరకు లోడు తోలే ట్రాలీ మీద సౌండు బాక్సులు పెట్టారు. డప్పులవాళ్ళు చలిమంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. అమ్మవారిని గద్దె మీద నిలబెట్టి మొహానికి పసుపు గుడ్డ కప్పారు. నాలుక మాత్రం గుడ్డ కింద నుంచి కనిపిస్తోంది. బొమ్మల మేస్త్రి పక్కన స్టూలు మీద కూర్చుని నల్లరంగు కలుపుకుంటున్నాడు. పూజారి తాత నా చేతిలో గుమ్మడికాయ పెట్టాడు. కుంకుమ, పసుపు పూసిన కాయ. బరువుగా, చల్లగా ఉంది. ఆడవాళ్ళందరూ నన్ను చూస్తున్నారు. కొందరు దూరం జరిగారు. సిగ్గుపడి జరిగారేమో అనుకున్నాను.

ఇంకా టైముందన్నారు. కాయ పూజారికి ఇచ్చి, చెయ్యి కడుక్కోవడానికి పందిరి వెనక్కి వెళ్ళాను. అక్కడ జనరేటరు పెట్టారు, ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. గుడ్డ పరదా అవతల మా తోడికోడలు మాట్లాడుతోంది. మరిది పెళ్ళాం. నన్ను అప్పా అని పిలుస్తూ, నా వేలు పట్టుకుని ఈ ఊళ్ళో అన్నీ నేర్చుకున్న మనిషి.

"మీ పేరే సెప్తారేమోనని రాత్రంతా నిద్ర పట్నేదు నాకు. ఆ సూపు తగిలినోడింట్లో ఏదో ఒకటి పోద్దంట. మనకి ఇద్దరు గుంటలున్నారు."

"అందుకే కదా నేను తప్పించింది," అన్నాడు మా మరిది.

"అప్పకేటీ అవదు కదా?"

"ఆవిడికింక పోయేదేటుంది?"

కుళాయి తిప్పి ఉంది. నీళ్ళు నా చేతుల మీద పడుతున్నాయి. ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో నాకు తెలియలేదు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ వినబడింది. వాడు ఆ మాట కసిగా అనలేదు. కసిగా అంటే బాగుండేది. సంతలో ముసలి గేదె గురించి అన్నట్టు, నిదానంగా అన్నాడు.

ఆ తరవాత గుర్తొచ్చింది, మా అమ్మాయి. వీళ్ళిద్దరూ దాని సంగతి మర్చిపోయారు. పెళ్ళి చేసి పంపేసిన కూతురు కదా, నా లెక్కలోకి రాదనుకున్నారు. అది ఆ వీధి చివరే, నా ఇంట్లోనే, ఏడో నెల కడుపుతో పడుకుని ఉంది. ఆ చూపుకి ఎదురుగా నేను దాన్ని కూడా మోసుకుని వచ్చాను.

కుళాయి కట్టేసి నేరుగా పూజారి తాత దగ్గరికి వెళ్ళాను.

"తాతా, ఈ సూపు మంచిదా, సెడ్డదా? నిజం సెప్పు."

ఆయన నా మొహం చూసి కాయ కింద పెట్టాడు. "నీకు సెప్పనేదేటి? నాను వొద్దనే అన్నానమ్మా. కళ్ళు తెరిసినప్పుడు అమ్మ ఆకలి మీదుంటాది. ముందు ఏటి కనిపిత్తే అది తీసుకుంటాది."

"మరి ఎనకటోళ్ళెవరు పట్టేవోరు?"

"ఎనకటికి ఊరి పెద్దే పట్టేవోడంట. ఊరి మీద పెత్తనం నాదన్నోడే ముందు నిలబడాల. పాతమ్మకి మా నాన్న కళ్ళు తెరిపించినప్పుడు ఆ పెద్దాయన పాలేరుని నిలబెట్టి తను ఇంట్లో కూకున్నాడంట. అదీ సంగతి. ఇప్పుడా పని నీకాడికొచ్చింది."

మా మరిది అప్పుడే పందిరిలోకి వచ్చాడు. మెడలో ఎర్ర కండువా, అందరికీ దండాలు పెడుతున్నాడు. నేను కాయ తీసుకుని వెళ్ళి వాడి చేతుల్లో పెట్టాను.

"ఏటి వొదినా ఇది?"

"పట్టు. ఊరికి పెద్ద నువ్వేనంట కదా."

"నువ్వు కదా..."

"నాకింక పోయేదేటుందో లెక్కెట్టుకున్నాను నాయినా. శానా ఉంది."

వాడి మొహంలో రక్తం దిగిపోవడం చూశాను. పరదా వంక చూశాడు, మళ్ళీ నా వంక చూశాడు. చుట్టూ ఊరంతా ఉంది. ఎవరో వెనక నుంచి, "పట్టీ బాబూ, పెద్దోడివి, నువ్వే పట్టాలి కదా" అన్నారు. ఇంకెవరో నవ్వారు. మేస్త్రి స్టూలు మీద నుంచి, "ఎవరో ఒకరు తొందరగా రండి, రంగు ఆరిపోతంది" అన్నాడు.

కాయ పట్టుకుని వాడు అమ్మవారి ముందు నిలబడ్డాడు. వాడు పొట్టి మనిషి. కాయని తల కంటే పైకి ఎత్తాలి. ఎత్తాడు. మోచేతుల నుంచి వేళ్ళ దాకా వణుకు. నేను పక్కకి వెళ్ళిపోదామనే అనుకున్నాను. కానీ ఆ వణికే చేతులు చూశాక కాళ్ళు కదలలేదు. ఇవి నేను పట్టుకుని గోక్కోకుండా ఆపిన చేతులు. వాడి వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేశాను.

"నానెనకున్నాను. కాయ దించకు."

మేస్త్రి గుడ్డ తీశాడు. తను మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి చాచి, ఒక కంట్లో నల్లగుడ్డు పెట్టాడు. తరవాత రెండోది. డప్పులు ఒక్కసారిగా మోగాయి. ఎవరో టపాకాయలు కాల్చారు.

మా మరిది వంగిపోయాడు.

కాయతో సహా ముడుచుకుని నా కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. నేను ఎత్తు మనిషిని. ఇప్పుడు నాకూ ఆవిడకీ మధ్య ఏమీ లేదు.

ఆ కళ్ళు నేను ఎలా చెప్పాలి. రంగు ఇంకా తడిగా ఉంది. పక్కకి తిరిగి దిద్దడం వల్ల ఒక గుడ్డు కాస్త పెద్దదైంది. కానీ అది చెక్క కాదు అప్పుడు. నన్ను చూసింది. ఆకలిగా ఉన్న మనిషి కంచం వంక చూసినట్టు చూసింది. నా కడుపులో చెయ్యి పెట్టి మా అమ్మాయి కడుపుని వెతుకుతున్నట్టు అనిపించింది. నా జుట్టుముడి ఎప్పుడు ఊడిపోయిందో తెలియదు. ఈ పాడు గొంతు దానంతట అదే లేచింది.

"ఏటలాగ సూస్తన్నావు? ఆయన్ని తీసుకున్నావు, ఊరుకున్నాను. నా గుంట కడుపులో రెండుసార్లు సెయ్యెట్టేవు, అప్పుడూ నీకు దీపమే పెట్టేను. ఈసారి ముట్టుకున్నావంటే నీకూ నాకూ ఇక్కడే తేలిపోవాల. ఆ నాలిక లోపలెట్టుకో. కాపలా కాయమని నిన్నెట్టేరు, ఇల్లు దోసుకోమని కాదు."

డప్పుల హోరులో నా మాటలు జనానికి అందలేదు. అందింది అరుపు ఒక్కటే. జుట్టు విరబోసుకున్న విధవ, మగగొంతుతో, అమ్మవారి ముందు ఊగిపోతూ అరుస్తోంది. వాళ్ళకి ఇంకేం కావాలి.

"అమ్మ పలికింది," అని ఎవరో అన్నారు.

అంతే. బిందెలతో పసుపు నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. వేపమండలు చేతికిచ్చారు. మా తోడికోడలు ఏడుస్తూ వచ్చి నా నుదుటి మీద గుప్పెడు కుంకుమ పెట్టింది. ఇన్నేళ్ళ తరవాత నా నుదుటి మీద కుంకుమ. మా మరిది లేవలేదు, నా పాదాల మీద తల పెట్టుకుని అలాగే ఉన్నాడు.

"తల్లీ, ఏటి కావాలో సెలవియ్యి," అని అడుగుతున్నారు.

"నాను అమ్మని కాదర్రా. నాను నానే," అన్నాను.

"అమ్మ ఎప్పుడూ అలాగే అంటాది," అంది ఒక ముసలామె, అందరికీ తెలిసిన సంగతిలా.

"నన్నొదిలీండి. నానింటికెల్తాను."

"అమ్మ ఆ ఇంటికెల్తానంటంది. దారియ్యండి, దారియ్యండి."

డప్పులు ముందు నడిచాయి. నన్ను మధ్యలో పెట్టుకుని ఊరంతా నా వెనక వచ్చింది. ఒక్కరైనా నా మాట వింటారేమోనని అటూ ఇటూ చూశాను. చూసినప్పుడల్లా, చూసినవైపు వాళ్ళు దండం పెట్టారు. గుడి దగ్గరే స్టూలు మీద ఉండిపోయిన మేస్త్రి మాత్రం దండం పెట్టలేదు. నా మాటలన్నీ విన్నవాడు ఆయనొక్కడు, నా కాళ్ళ దగ్గర ఉన్నవాడు ఒకడు.

మా గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది. డాక్టరమ్మ మంచం దిగొద్దన్న మనిషి. డప్పులు దగ్గరకి రావడం విని, అమ్మకేదో అయిందని లేచి వచ్చింది. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి కడుపు మీద.

"అమ్మా, నీ నుదుటి మీద ఏటది?"

డప్పులు ఆగాయి. ఊరంతా దాని కడుపుని చూసింది. మా తోడికోడలు కూడా చూసింది. లెక్క తప్పిన మనిషి మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. చేతిలో ఉన్న వేపమండ కింద పడేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసేశాను. మా అమ్మాయిని మంచం మీద పడుకోబెట్టి, దిష్టీ గిష్టీ చూసుకోకుండా దాని కడుపు మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తరవాత లోపల నుంచి కాలో చెయ్యో తగిలింది. అప్పుడు నుదురు తుడుచుకున్నాను. చీర కొంగంతా ఎర్రబడింది.

మర్నాడు మధ్యాహ్నం మా మరిది వచ్చాడు. బండి వీధి మొదట్లోనే ఆపి నడిచి వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఉంగరం తిప్పుకుంటూ గేదెని చూశాడు.

"వొదినా, నిన్న మాటాడింది అమ్మా, నువ్వా?"

"నువ్వు కాళ్ళ దగ్గరే ఉన్నావు. నీకు వినపడనేదేటి?"

"వినపడింది."

"మరి ఎందుకడుగుతావు? నానే."

వాడు తల ఊపాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"అమ్మే అనుకుందాంలే వొదినా."

నిన్న పందిరి వెనక విన్న మాట కంటే ఇది నాకు ఎక్కువ తగిలింది. అమ్మ కాళ్ళ మీద పడ్డానంటే వాడికి పరువు. వదిన కాళ్ళ మీద పడ్డానంటే కారణం చెప్పాలి. నేను నా నోటితో అన్న మాటలు కూడా నావి కాకుండా తీసుకుపోయాడు. లోపల మంచం మీద నుంచి మా అమ్మాయి, "ఎల్లిపోయేడా?" అని అడిగింది. ఎల్లిపోయేడన్నాను.

ఆ తరవాత మిగిలిన నెలలు ఎలా గడిచాయో దేవుడికే తెలియాలి. దేవుడికని అలవాటుగా అన్నాను గానీ, ఆవిడకే తెలియాలి. ఊళ్ళోవాళ్ళు మంగళవారం వచ్చి నా గుమ్మానికి పసుపు రాసి వెళ్ళేవారు. పాలు పోయించుకునే ఆడవాళ్ళు చెంబు రెండు చేతులతో అందుకునేవారు. నన్ను చూసి పక్కకి తప్పుకున్నవాళ్ళే. వద్దని చెప్పి చెప్పి మానేశాను. నేను మాత్రం గుడి దాకా వెళ్ళలేదు. దీపం మాత్రం మా అమ్మాయి గదిలోనే గుడివైపు తిప్పి పెట్టేదాన్ని. తిట్టాను, నిజమే. కానీ తిట్టినదాన్ని ఆకలితో ఉంచలేను కదా. చిన్న గిన్నెలో పెరుగన్నం కూడా పెట్టేదాన్ని.

మా అమ్మాయి అనకాపల్లిలో కంది. ఆడపిల్ల. బరువు తక్కువ, ఏడుపు మాత్రం నా గొంతే. అల్లుడు వరండాలో నేల మీద కూర్చుని ఏడ్చాడు.

మా మరిది, తోడికోడలు యాపిల్ పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. తోడికోడలు మా అమ్మాయి తల దగ్గరకి వెళ్ళి దాని జుట్టు సర్దుతూ నిలబడింది. మా మరిది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పిల్లని పాత చీర ముక్కలో చుట్టి వాడి దగ్గరకి తీసుకెళ్ళాను. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకొద్దు వొదినా. సిన్న పిల్ల. నా సేతులొణుకుతన్నాయి."

"సూస్తన్నాను," అన్నాను. పిల్లని తీసుకెళ్ళి వాడి చేతుల్లో పెట్టాను. అది కళ్ళు తెరిచి నేరుగా వాడి మొహంలోకి చూసింది.

"దీన్నైనా సరిగ్గా పట్టు," అన్నాను. "వంగిపోకు."